ఓబుళమ్మ చేని మీది సమ్మెట

మహర్నవమి నాడు పందెంలో విసిరిన సమ్మెట ఇంకా కిందికి రాలేదనీ, ఓబుళమ్మ చేని మీద తాటిచెట్టంత ఎత్తున ఆగి ఉందనీ పక్కింటి లింగక్క కొళాయి దగ్గర చెప్పిందట. విన్నవాళ్లు బిందెలు నింపుకొని వెళ్లిపోయారు. ఓబుళమ్మకు ఆ సంగతి పొద్దు వాలాక తెలిసింది. శనగ విత్తడానికి గొర్రు సరిచేసుకుంటున్న మనిషి, "పైనేముంటే నాకేంలే, చేన్లో పదునుందా ల్యాదా అది చెప్పు" అంది.

ఆ ప్రాంతంలో సమ్మెట విసురుడు అప్పుడప్పుడే పందెంగా మారుతోంది. వృత్తం లేదు, గొలుసు లేదు. కొలిమిలో వాడే సమ్మెటనే కట్టెపిడితో సహా పట్టుకొని, ఎవరికి తోచినంత దూరం నుంచి వాళ్లు పరుగెత్తుకొచ్చి విసిరేవాళ్లు. ఆ ఏడు ఆటల శాఖ దాన్ని అధికారికంగా చేర్చుకుంది. సెలవు కదా అని మహర్నవమికి తేదీ వేసింది.

ఆ రోజు పనిముట్లకు పూజ. పూజలో పెట్టినదాని చేత పని చేయించరు. మరునాడు కమ్మరి దాన్ని చేతికి తీసుకొని, ఇనుము పెట్టని ఉత్త దాగలి దిమ్మె మీద మూడు దెబ్బలు కొట్టి పని చెప్పాలి. అప్పటిదాకా దానికి విశ్రాంతి. ఊరి కమ్మరి కంబయ్యాచారి ఇదంతా ఆలోచించుకునే, పసుపు ఆరని సమ్మెటను పందెంలోకి దిగిన మౌలాలి చేతికిచ్చాడు. "ఇసిరేది ఆటే గదప్పా, పని గాదు గదా" అన్నాడు. మౌలాలి విసిరాడు. సమ్మెట లేచింది. తర్వాత ఆటల శాఖ వేసిన విచారణ సంఘం తేల్చినదేమంటే, ఎగరడం ఆట, పడడం పని.

"పని చెప్పల్లంటే అది నా చేతికి రావల్ల. చేతికి రావల్లంటే అది పడల్ల. పడల్లంటే నేను పని చెప్పల్ల" అని కంబయ్యాచారి వాంగ్మూలమిచ్చాడు. సంఘం దీన్ని సబబుగానే భావించింది.

ఆట ముగియలేదు కాబట్టి ఓబుళమ్మ చేను ఆటస్థలమైంది. దున్నరాదు, విత్తరాదు, మేకల్ని తోలరాదు. మౌలాలి దూరం తేలలేదు గనక మొదటి బహుమతి ఆపి, అప్పటినుంచి అన్ని పందేల్లోనూ రెండోదే ఇస్తున్నారు. ఇలాంటిది మళ్లీ జరగకుండా కట్టెపిడి తీసేసి, ఇనుపగుండుకు గొలుసు తగిలించారు. దాంతో ఏ కొలిమిలోనూ పని జరగదు, ఎవరూ పూజలో పెట్టరు. విసిరేవాడు అటూ ఇటూ పోకుండా వృత్తం గీశారు. ఆట బాగుపడిందని పెద్దలంతా ఒప్పుకున్నారు.

ఓబుళమ్మ ఆటల అధికారి జయసింహ దగ్గరికి పోయింది.

"అది పైన ఉంటాది, నేను కింద ఇత్తుకుంటా. దాని జోలికి నేను పోను సారూ."

"పైరు లేస్తే పడిన గుంట కనపడదమ్మా. కొలత తప్పుతుంది."

"నా నెత్తిన పడితేనో?"

"అప్పుడు మీ దాకా కొలుస్తాం."

పదును ఆరిపోయింది. ఆ ఏడు శనగ లేదు, మరుసటేడూ లేదు. గొర్రు అటకెక్కింది. ఎద్దుల్ని సంతకు తోలింది.

జయసింహ చెడ్డవాడేం కాదు. సమ్మెట ఏ క్షణాన పడినా కొలవడానికి టేపు కొస పట్టుకొని ఒక మనిషి దాని కిందే ఉండాలని నిబంధన వెతికి, ఆ పని ఆమెకే ఇప్పించాడు. దినకూలి. ఓబుళమ్మ తన చేన్లోనే పొద్దున వచ్చి సాయంత్రం పోయే మనిషయింది. "దానికేమమ్మా, నీడపట్టున ఉద్యోగం" అంది లింగక్క. నీడ నిజమే. సమ్మెటంత ఉండేది.

కొన్నాళ్లకు పట్నం నుంచి పెద్ద అధికారి వచ్చాడు. బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీదే నిలబడి ఉత్తర్వు చదివాడు. సమ్మెట పడగానే ఆ చోట ఆటకు గుర్తుగా మైదానం కడతారు. చేను మొత్తం అందులో కలుస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మర్యాదకు ఓబుళమ్మ వైపు తిరిగి, "తొందరగా పడాలనే కదమ్మా మీరూ కోరుకునేది?" అన్నాడు.

ఆమె టేపు కొస వదలకుండానే తలెత్తింది.

"పడితే చేను మీ పాలయితాది. పడకుంటే ఈ కూలన్నా నాకుంటాది. ఏది మొక్కుకోమంటావు సారూ?"