మొదటి లైను మొనగాడు

ఆదివారం పొద్దున సెంబవాంగులోని తన ఫ్లాటులో రాజారావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది: ఇడ్లీలు తిని, సోఫాలో ఒరిగి, సాయంత్రం దాకా ఫోను చూడటం. నగరం నడిబొడ్డున రాఫెల్స్ ప్లేసులో ఓ బ్యాంకు కంప్యూటర్లను వారమంతా కాచే మనిషికి అదే విశ్రాంతి. అతను లైకు కొట్టే వేలు ఒక్కటే, కొట్టిన లైకులు వేలు. ఏ మెసేజి వచ్చినా మొదటి లైను చదవడం, కింద బొటనవేలి బొమ్మ పెట్టడం, పైకి తోసెయ్యడం. రెండో లైను దాకా నిలిచే ఓపిక పోయి చాలాకాలమైంది.

నిజానికి ఆ రోజు అక్కడి తెలుగువాళ్ల సభలో అతని భార్య తారాదేవి పాడాలి. పెళ్లయ్యాక నలుగురి ముందు పాడటం అదే మొదలు. ఏడాదిగా సాధన చేస్తోంది. కానీ ముందురోజు సాయంత్రం రాజారావు ఫోనులో రెండు రీళ్ల మధ్య తలెత్తి, "హాలు క్యాన్సిలంట. సీలింగు కారుతోందంట" అని చెప్పి తల దించేసుకున్నాడు. తారాదేవి తీసిపెట్టుకున్న పట్టుచీరను మళ్లీ బీరువాలో పెట్టేసింది.

ఇడ్లీలు పూర్తికాకముందే కాలింగ్ బెల్ మోగింది. రాజారావు తలుపు తీశాడు. పక్కపేట యీషున్ నుంచి వచ్చిన వీరాస్వామి, సభవాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరికంటే పెద్దాయన, తెల్లచొక్కా వేసుకుని, చేతిలో పూలదండతో, వేలాడేసుకున్న మొహంతో నిలబడి ఉన్నాడు. రాజారావును కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వు బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నా అంకుల్. ఏం?"

"మరి పోయిందెవరు?"

గ్రూపులో రాజారావు పేరు, దాని కింద బారుగా జోడించిన చేతుల బొమ్మలు కనిపించాయట. అలా కనిపిస్తే అర్థమేమిటో వేరే చదవాలా అన్నాడు వీరాస్వామి. పోయినవాడే తలుపు తీసేసరికి దండ ఎవరికి వెయ్యాలో తెలియక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అంతలో మరో సభ్యురాలు శ్యామలాదేవి గిఫ్టు కాగితం చుట్టిన కుక్కరుతో దిగింది. ఆమె కంటికి ఆనినవి 'రాజారావు గారింట్లో', 'అందరూ రండి' అన్న రెండు ముక్కలే. గృహప్రవేశమనుకుంది. "కొత్త ఫ్లాటు బావుంది తారా, గోడల రంగే అప్పుడే వెలిసింది" అని మెచ్చుకుంది. గుమ్మం బోసిగా ఉందని వీరాస్వామి ఒళ్లోని దండ తీసుకుని తలుపుకు కట్టేసింది. పోయినవాడి కోసం తెచ్చింది గుమ్మానికి చేరింది. దాన్ని చూసి వచ్చినవాళ్లంతా ఇదే ఇల్లని ధైర్యంగా లోపలికొచ్చారు.

ఆ గ్రూపులో లేని తారాదేవి ఎందుకో తెలియకుండానే కాఫీలు కలుపుతోంది. కూతురు నిఖిల బయటికి తొంగిచూసి, "డాడీ, వాట్ డిడ్ యూ డూ? కారిడార్ మొత్తం చెప్పులే లా" అంది అక్కడి పిల్లల యాసలో.

ఆఖరున సభ కార్యదర్శి గణపతి హార్మోనియంతో వచ్చి, భోజనాలు ఎన్నింటికని అడిగాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదని గ్రహించి, హాలు మధ్యలో నిలబడి మెసేజి మొత్తం పైకి చదివాడు.

"హాలు క్యాన్సిలయింది, సీలింగు కారుతోంది. ఎవరైనా ఇల్లిస్తే తారాదేవి గారి పాట ఆగకుండా సభ జరుపుకుందాం."

దాని కింద రాజారావు బొటనవేలు. 'అయితే రాజారావు గారింట్లోనే, అందరూ రండి' అన్నదానికీ బొటనవేలే. 'భోజనాలు కూడా మీవేనా' అన్నదానికీ అదే. జోడించిన చేతులు సభ్యుల కృతజ్ఞతలు. వీరాస్వామి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. శ్యామలాదేవి కుక్కరు వైపు చూసుకుంది.

"రెండో లైనులోనే నా పేరుందండీ" అంది తారాదేవి భర్తతో. అంతే అంది.

రాజారావు నేలమీది టైల్సును శ్రద్ధగా పరిశీలించాడు. నిఖిల కింద తిండికొట్లుండే హాకర్ సెంటరుకు పరాటాల కోసం వెళ్లింది. తారాదేవి లోపలికి వెళ్లి, పట్టుచీరలో బయటికి వచ్చి, హార్మోనియం పక్కన కూర్చుంది.

పాట ఎత్తుకోగానే గదిలో అతిథుల ఫోన్లన్నీ వీడియో తీయడానికి లేచాయి. పాట అయ్యాక ఆమె భయపడుతూనే ఎలా ఉందని అడిగింది.

"మొత్తం తీశానమ్మా. ఇంటికెళ్లి చూసి చెబుతా" అంది శ్యామలాదేవి. మిగతావాళ్లూ అదే మాటన్నారు.

"రెండో చరణంలో గొంతు కాస్త వణికింది. తర్వాత నిలబెట్టుకున్నావు" అన్నాడు గోడవారగా కూర్చున్న రాజారావు.

తారాదేవి భర్త వైపు తిరిగి కూర్చుంది. తన గొంతును అతను చివరిదాకా విని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు.

అతని ఫోనులో చార్జింగు పాటకు ముందే అయిపోయిందని ఆమెకు మర్నాడు గాని తెలియలేదు.