గేటుకు కట్టిన వేపమండలు

పెద్ద తెల్ల కుందేలు చనిపోయింది ఒక ఆదివారం. ఆ రోజు రాజేశ్వర్ సారు అనుకున్న పనులు మూడే. టీ తాగాలి, ఏడో తరగతి తెలుగు పేపర్లు దిద్దాలి, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి. టీ సగం వరకు అయింది. కప్పు చేతిలో పట్టుకునే పెరట్లోకి వెళ్లి గూడు తలుపు తీస్తే, తెల్లది ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని పొట్ట కింద పిల్లలు ఇంకా పాల కోసం వెతుకుతున్నాయి.

ఆ కుందేళ్లు నిజానికి సారువి కావు. ఆయన భార్య భాగ్యలక్ష్మివి. బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలో, చెరుకు తోటల మధ్య ఒకాయన కుందేళ్ల ఫారం పెట్టాడు. నష్టం రాగానే షెడ్డుకు తాళం వేసి ఊరొదిలి వెళ్లాడు. తాళం లోపల కుందేళ్లున్న సంగతి ఆయన పట్టించుకోలేదు. భాగ్యలక్ష్మి నలుగురిని పోగేసి తాళం పగలగొట్టించి, బతికున్నవాటిని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఆ ఏడు వానలు తగ్గే వేళకు ఆమె పోయింది. కుందేళ్లు ఉన్నాయి.

సారు తెల్లదాన్ని జామచెట్టు కింద పాతిపెట్టారు. మిగిలినవాటిని బుట్టల్లో సర్దుకుని నిజామాబాద్ బస్సెక్కారు. అక్కడ కుందేళ్ల సంగతి తెలిసిన డాక్టర్ దీక్షిత ఒక్కతేనని భాగ్యలక్ష్మి చెబుతుండేది. ఆ అమ్మాయి ఆదివారమైనా తలుపు తీసింది. ఒక్కోదాని చెవి మడిచి చూసింది. చెవుల లోపల పాత సున్నం పెచ్చుల్లాగా పొక్కు కట్టి ఉంది.

"గజ్జి సార్. కంటికి కనబడని పురుగు. ఒకదానికి వస్తే అన్నిటికీ పాకుతది," అని మెడ దగ్గర తోలు పైకెత్తి వరుసగా సూదులు వేసింది. "రెండు వారాలకు మళ్ల వెయ్యాలె. ఈ సూదికి పురుగు సస్తది గని గుడ్లు సావయి. రెండో సూది తప్పితే మొదటిది వేసి లాభం లేదు. ఉన్నయి గూడ పోతయి."

"తీసుకొస్త," అన్నారు సారు.

"వద్దు సార్, బస్సుల తేకుండ్రి. ఇవి రోగంతోని కన్న భయంతోని జల్ది పోతయి. హారన్ సప్పుడుకే గుండె ఆగుతది. నేనే బోధన్ వస్త. పిల్లలకు ఇప్పుడు సూది వద్దు. వేరే ఉంచి, మేకపాలు చుక్క చుక్క పొయ్యుండ్రి. గోనెసంచులు మరగబెట్టుండ్రి. వాడకట్టు పిల్లగాండ్లను ముట్టుకోనియ్యకుండ్రి, వాళ్లకు గూడ దురద లేస్తది."

సారు బడిలో ఏది చెప్పినా రెండుసార్లు చెబుతారు. తనకు ఎవరైనా ఏదైనా చెబితే ఒక్కసారికే చేస్తారు. ఇంటికి రాగానే గోనెసంచులు మరగబెట్టి తీగల నిండా ఆరేశారు. కుందేళ్ల కింద పరవడానికి వేపమండలు కొట్టుకొచ్చి కడిగారు. తీగల మీద చోటు లేదు కాబట్టి, నీళ్లు కారిపోవడానికి వాటిని ముందు గేటుకు కట్టారు. చేతులు, కాళ్లు కడుక్కునేందుకు బకెట్లో పసుపు కలుపుకున్నారు. ఆ పసుపు అత్తగారి ఊరు ఏర్గట్ల నుంచి వచ్చింది, మంచి రంగు. మిగిలిన నీళ్లు గడప ముందు పారబోశారు. చివరికి వాడకట్టు పిల్లలు లోపలికి రాకుండా గేటుకు అడ్డంగా ఒక తాడు కట్టారు.

గేటుకు వేపాకు, గడపలో పసుపునీళ్లు, లోపలికి రావద్దని అడ్డం. ఈ మూడూ ఒక ఇంటి ముందు కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరికో ఒళ్లంతా అమ్మవారు పోసిందని, పోచమ్మ తల్లి వచ్చి కూర్చుందని బోధన్‌లో ఎవరైనా చెబుతారు. సారు కూడా చెప్పగలరు. కాకపోతే ఆ రోజు ఆయన ధ్యాసంతా గోనెసంచుల మీద ఉంది.

ఎదురింటి భూమవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. వేపమండలు చూసి ఆమె చేతిలో తునికాకు ఆగిపోయింది. చాట దించి, గేటు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

తల్లి వచ్చిన ఇంటికి వెళ్లి ఎవరికి వచ్చిందని అడగరాదు. రోగమన్న మాట అనరాదు. తల్లి చల్లబడాలని చెంబెడు నీళ్లు గడపలో సాక పోసి, వెనక్కి చూడకుండా రావాలి. అందుకని వాడకట్టులో ఎవరూ ఏమీ అడగలేదు. సారు అడగకుండా చెప్పే మనిషి కాదు. భార్య పోయాక అడిగినా చెప్పడం తగ్గింది.

మర్నాడు పొద్దున భూమవ్వ బెల్లం, వేపాకు కలిపిన నీళ్లు తెచ్చి గడపలో పోసింది. సారు చూసి, గడప కడుగుతోందనుకున్నారు.

"ఎందుకు భూమవ్వా, శ్రమ?"

"శ్రమేంది సారూ. సల్లగ సూడాలె గద," అంది ఆమె, తల ఎత్తకుండా.

మధ్యాహ్నం గేటు మీద పెరుగన్నం గిన్నె ఉంది. ఇంకోరోజు ఇంకో ఇంటి నుంచి వచ్చింది. వాడకట్టంతటా పోపులు ఆగిపోయాయి. తల్లి ఉన్న వాడలో నూనె కాగితే ఆమెకు వేడి చేస్తుంది. భార్య దినాలు అయిపోయాక సారుకు ఇంకొకరు వండిన అన్నం తినడం ఇదే మొదలు. ఈ పెరుగన్నం ఎందుకొస్తోందో ఆయనకు అర్థం కాలేదు. తిని, గిన్నె కడిగి గేటు మీద పెట్టారు.

ఇక లోపల ఉన్నదెవరన్న ప్రశ్న మిగిలింది. సారు ఒంటరి మనిషి, బడికి తిరుగుతూనే ఉన్నారు. కాబట్టి తల్లి ఆయనకు కాదు. కానీ పొద్దున్నే మేకపాలు అడిగి పోయించుకుంటున్నారు. సంచి నిండా కొత్తిమీర తెస్తున్నారు. పెరటి గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది.

"తినవే. కొద్దిగన్న తిను. అట్ల గోక్కోకు, పుండయితది."

గోడకు ఇవతల చెవి ఆనించిన భూమవ్వ మెల్లగా వచ్చి అరుగు మీద కూలబడింది. "ఆడమనిషి," అంది పక్కింటి ఆమెతో. "లోపల ఆడమనిషుంది."

"ఎవలే?"

"నేనెట్ల అడుగుదు? అడుగొద్దు గద!"

"సారు అసొంటోడు గాదే."

"అసొంటోడని నేనన్ననా? ఉన్నదంటున్న, గంతే. పాపం, ఆయనకు మాత్రం ఎవలున్నరు?"

ఆ వార్త బడికి చేరింది. సాయంత్రం హెడ్మాస్టర్ రామ్‌దాస్ ఫోన్ చేశారు. ఆయనకు మొహమాటం ఎక్కువ.

"సార్, ఇంట్ల కొంచెం... ఇబ్బందని తెలిసింది."

"అవును సార్. అంటువ్యాధి. పెద్దది పోయింది, ఆదివారం."

అవతల మోగుతున్న టీవీ ఆగిపోయింది.

"పోయిందా? మాకు ఒక్క మాట గూడ చెప్పలేదేంది సార్?"

"చెప్పేటంత సంగతా సార్ అది."

"మరి... కార్యం?"

"ఏం కార్యం సార్. పెరట్లనే పాతిపెట్టిన. జామచెట్టు కింద."

హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చున్న శబ్దం ఫోన్లో వినిపించింది. "మీరు కొన్ని రోజులు బడికి రాకుండ్రి సార్. మనసు కుదుటపడనియ్యుండ్రి," అని పెట్టేశారు. బడి పిల్లలకు దురద అంటుతుందని జాగ్రత్త పడుతున్నారు కాబోలు, మంచి హెడ్మాస్టర్ అనుకున్నారు సారు. హెడ్మాస్టర్ గారి భార్యది ఏర్గట్ల. ఆ రాత్రి భోజనాలయ్యేలోపు, రాజేశ్వర్ ఎవరో ఇద్దరు ఆడవాళ్లను ఇంట్లో దాచాడని, వాళ్లలో ఒకామె జామచెట్టు కింద ఉందని అత్తగారు హన్మవ్వకు తెలిసిపోయింది.

రెండో సూది వేయాల్సిన ఆదివారం వచ్చింది. సారు తెల్లవారుజామునే లేచి గూళ్లు శుభ్రం చేశారు. మొదటి సూదికి గోక్కోవడం తగ్గింది. పిల్లలు కళ్లు తెరిచాయి. ఇవాళ్టి సూది ఒక్కటి పడితే చాలు, బతుకుతాయి. ఆయన వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూడసాగారు.

వాడకట్టుకు కూడా అదే ఆదివారం ముఖ్యమైంది. రెండు వారాలైనా సారు గేటుకు కొత్త మండలు కడుతూనే ఉన్నారు. అంటే తల్లి చల్లబడలేదు. అందరూ కలిసి పోచమ్మకు సాక పోయాలని, డప్పు కొట్టే భోజన్నను పిలిపించారు. ఆడవాళ్లు చెంబులతో గేటు ముందు గుమిగూడిన సమయానికే డాక్టర్ దీక్షిత స్కూటీ వచ్చి ఆగింది. ఆమె చేతిలో మందుల పెట్టె చూసి భూమవ్వ అడ్డం నిలబడింది.

"యాడికమ్మా?"

"లోపలికి. సూది వెయ్యాలె."

"సూదా! తల్లి ఉన్న ఇంట్ల సూదా? నీకు పెద్దోళ్లు లేరా, చెప్పేటోళ్లు లేరా?"

"అమ్మా, ఇయ్యాల వెయ్యకపోతే లోపలున్నయన్ని సస్తయి."

"శివశివా! గా మాటలేంది గేటు ముంగట!" భూమవ్వ చెవులు మూసుకుంది. "సారూ, మీరన్న జెప్పుండ్రి! సదువుకున్నోళ్లు!"

సారు గేటు దగ్గరికి వచ్చేలోపు ఆటో ఒకటి ఆగింది. అందులోంచి హన్మవ్వ దిగింది. ఆటో అతను చిల్లర ఇస్తుంటే తీసుకోకుండా జనం మధ్యలోంచి నేరుగా వచ్చి నిలబడింది.

"అల్లుడా! ఎవతె అది? బయటికి తియ్!"

"ఎవరు అత్తా?"

"ఒకామెను జామచెట్టు కింద పెట్టినవట గద! ఇంకొకామెను లోపల పండబెట్టినవట! నా బిడ్డ పోయి సంవత్సరీకం గూడ గాకపాయె!"

ఈ గొడవ తనకు సంబంధించింది కాదని భోజన్నకు అనిపించింది. పిలిచారు కాబట్టి తన పని తాను చేయాలి. డప్పు సరిచేసుకుని ఒక్క దెబ్బ కొట్టాడు.

పెరట్లో గూళ్లు దడదడమన్నాయి.

"ఆపుండ్రి!"

ఆ అరుపు సారుది. గోల చేసే క్లాసులో కూడా ఆయన సుద్దముక్కతో బల్ల మీద తట్టి ఊరుకుంటారు. భాగ్యలక్ష్మిని తీసుకెళ్లిన రోజున కూడా ఆయన గొంతు ఈ వాడకట్టు వినలేదు. భోజన్న చెయ్యి గాలిలోనే ఆగింది. ఆటో అతను ఇంజిన్ కూడా ఆపాడు.

"భయపడితే పోతయి," అన్నారు సారు. గొంతు మళ్లీ తగ్గింది. "ఒకటి పోయింది. ఇంక పోవద్దు."

లోపలికి వెళ్లి, తువ్వాలలో చుట్టిన బూడిదరంగు కుందేలును తెచ్చి అందరికీ కనపడేలా పట్టుకున్నారు. దాని చెవి మీద పెచ్చులు రాలిన చోట గులాబీ రంగు తోలు కనిపిస్తోంది. అది ముక్కు అదిరిస్తూ వాడకట్టునంతా చూసింది. వాడకట్టు దాన్ని చూసింది.

"ఇది కుందేలు," అంది భూమవ్వ.

"అవును."

"దీనితోనేనా ముచ్చట పెట్టేది?"

"తినదు మరి, ముచ్చట పెట్టకపోతే."

"మరి జామచెట్టు కింద?"

"అదీ కుందేలే."

వెనకాల ఎవరో నవ్వబోయి చెంబు అడ్డం పెట్టుకున్నారు. "రెండు వారాల సంది మా ఇంట్ల పోపు లేదు," అన్నాడొక ముసలాయన, ఎవరితోనూ కాకుండా. భూమవ్వ అతని వైపు తిరిగింది.

"అయితే ఏమాయె? తల్లికి మనిషనీ కుందేలనీ ఫరక్ ఉంటదా? పోపు ఆపితిమి గనుకనే గియ్యన్న బతికినయి!"

డాక్టర్ ఏదో అనబోయి, గడియారం చూసుకుని మానేసింది. "పట్టుకోడానికి ఒక మనిషి గావాలె సార్. వెనక కాళ్లు తన్నుకోకుండ పట్టాలె, లేకపోతే నడుం విరుగుతది."

హన్మవ్వ కొంగు బిగించింది. కుందేలును సారు చేతుల్లోంచి తీసుకుని, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి, దాని తలను తన చంకలో దాచింది. కుందేలు కదలకుండా ఒదిగిపోయింది.

"మీకు అలవాటున్నట్టుంది," అంది డాక్టర్.

"నా బిడ్డ ఫోన్ల రోజు చెప్పేది. గిట్ల పట్టుకోవాలె, గట్ల పట్టుకోవాలె అని. నాకెందుకే గీ కుందేళ్ల పురాణమని తిట్టేదాన్ని." హన్మవ్వ కుందేలు వీపు నిమిరింది. "వెయ్యి బిడ్డా, సూది."

ఒక్కొక్కటిగా అన్నిటికీ సూదులు పడ్డాయి. ఆఖరిదాన్ని గూట్లో పెట్టాక హన్మవ్వ అల్లుడి వైపు చూడకుండా అంది, "తెచ్చుకున్నవేమో అనుకున్న. తెచ్చుకుంటే తప్పని గాదు. చెప్పలేదని కోపమొచ్చింది."

"ఎవ్వరు లేరు అత్తా."

"తెలుస్తనే ఉన్నది."

డాక్టర్ చేతులు కడుక్కుంటూ, పిల్లలు బాగున్నాయని, ఇక ప్రాణభయం లేదని చెప్పింది. ఆ మాట గేటు దాటేలోపే వాడకట్టుది అయిపోయింది. సూది గొప్పదని డాక్టర్ స్కూటీ ఎక్కుతూ అంది. పోచమ్మ గొప్పదని భూమవ్వ చెంబు దించుతూ అంది. ఆ సాయంత్రం అన్ని ఇళ్లలో ఒకేసారి పోపులు పడి, వీధంతా ఆవాల ఘాటుకు తుమ్మింది.

రెండు రోజులాగి భూమవ్వ గేటు దగ్గరికి వచ్చింది. హన్మవ్వ ఇంకా ఏర్గట్లకు వెళ్లలేదు, గూడు ముందు పీట వేసుకుని పిల్లలకు పాలు పోస్తోంది.

"సారూ, ఒక ముచ్చట మీకు చెప్పకుంట చేసిన. గా దినం లోపల ఆడమనిషి ఉన్నదనుకొని తల్లికి మొక్కిన. పానం నిలబెడితే గీ ఇంట్లకెల్లి బోనం ఎత్తుతమని. ఇగ పానాలు నిలబడ్డయి. ఎత్తకపోతే బాగుండదు."

"ఎత్తుదాం భూమవ్వా. ఏమేం గావాలె?"

"ఏమున్నది సారూ, కొత్త కుండ, బియ్యం, బెల్లం, దీపం. నేనే అన్ని చూసుకుంట. ఇగ ఎత్తేది మాత్రం..." భూమవ్వ ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. "ఎత్తేది ఆ ఇంటి ఆడమనిషే ఎత్తాలె."

అనేసిన తర్వాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హన్మవ్వ చేతిలోని పాలచుక్క పిల్ల నోట్లో పడకుండా దాని ముక్కు మీద పడింది. సారు గేటు మీది ఖాళీ గిన్నె తీసి భూమవ్వ చేతికి ఇచ్చారు.

ఏర్గట్ల నుంచి వచ్చిన అత్తగారు ఎత్తవచ్చునా అని గుడిలో అడిగారు. అది ఏర్గట్ల ఇంటి బోనమవుతుందన్నారు. భూమవ్వ ఎత్తితే భూమవ్వ ఇంటిదవుతుంది. కుందేళ్ల చెవుల మీద వెంట్రుకలు మళ్లీ వచ్చాయి, పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెట్టాయి, హెడ్మాస్టర్ సారును బడికి రమ్మన్నారు.

బోనం ఇంకా ఎత్తలేదు.