ఫిబ్రవరి బాప్తిస్మాలు

ఆ మంగళవారం డల్సీ ప్రౌట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి చర్చి వెనక గదికి వెళ్ళడం, మూడొందల ఏళ్ళనాటి బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ రిజిస్టరులోంచి ఓ ఇరవై పేర్లు ఎత్తిరాయడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నడుం వాల్చడం. గుమ్మంలో పడున్న ఉత్తరం అదంతా చెడగొట్టింది. నెలలోగా ఇల్లు ఖాళీ చేయాలట! ఆ ఇల్లు ఊరి ధర్మ ట్రస్టుది. ట్రస్టు నడిపేది రూపర్ట్ దొర. దొరకేమో అందులో లండన్ విహారయాత్రికుల్ని దించాలని ఉంది. ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన మనిషికి దక్కిన మర్యాద ఇది.

పళ్ళు నూరుకుంటూనే డల్సీ రిజిస్టరు తెరిచింది. ట్రస్టుకు ఒక పాత షరతు ఉంది: నడిపేవాళ్ళూ, ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళూ పెళ్ళయిన దంపతుల సంతతే అయ్యుండాలి. దొరగిరీకి పుట్టుక తప్ప వేరే అర్హత ఎప్పుడుంది గనక? పదకొండింటికి ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని పబ్బులోకి దూసుకెళ్ళింది.

"దొర మూలపురుషుడి బాప్తిస్మం 1719 ఫిబ్రవరి. అమ్మానాన్నల పెళ్ళి 1719 జూన్! పెళ్ళికి ముందే పుట్టాడయ్యా మహానుభావుడు!"

పబ్బు యజమాని క్లెమ్ పడీ పడీ నవ్వాడు. "మావాళ్ళు మాత్రం పద్ధతిగా పుట్టారులే."

"మీదీ చూశా. బాప్తిస్మం జనవరి, పెళ్ళి అదే ఏడు ఆగస్టు."

క్లెమ్ నవ్వు ఆగింది. సాయంత్రానికి తమవాళ్ళ తేదీలు చూపించుకోడానికి జనం వరస కట్టారు. చలికాలంలో బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ పెళ్ళికి ముందు పుట్టినవాడే అని తేలింది. కసాయి భార్య మొగుడితో మాట మానేసింది. గురువారానికి సగం ఊరు సిగ్గుపడటం విసుగొచ్చి, "అక్రమ సంతానానికి జై!" అంటూ గ్లాసులెత్తింది. దొరను ట్రస్టు నుంచి దించడానికి శుక్రవారం ఊరి సభ పెట్టించింది డల్సీ.

సెలవు నుంచి ఆ రోజే తిరిగొచ్చిన పాస్టరమ్మ టామ్సిన్ సభలో రిజిస్టరు చూసి తల పట్టుకుంది.

"డల్సీ గారూ, ఆ కాలంలో కొత్త సంవత్సరం మార్చి ఇరవై ఐదున మొదలయ్యేది. 1719 జూన్ వెళ్ళాకే 1719 ఫిబ్రవరి వస్తుంది. పెళ్ళయిన ఎనిమిది నెలలకి బాప్తిస్మం. కాస్త తొందరపడ్డారేమో గానీ, సక్రమమే."

దొర మీసం దువ్వాడు. "మరి ఈవిడగారిదో?"

డల్సీ వంశంలో పెళ్ళి 1718 ఫిబ్రవరి, బాప్తిస్మం 1718 అక్టోబరు. పాస్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అయ్యో! ఫిబ్రవరి అక్టోబరు తర్వాతకి పోయింది. మీ మూలపురుషుడు తన అమ్మానాన్నల పెళ్ళి కళ్ళారా చూసుంటారు, నాలుగు నెలల పిల్లాడిగా."

సభ గొల్లుమంది.

"షరతు షరతే," అన్నాడు దొర. "ఈవిణ్ణి ఖాళీ చేయించాలనేవాళ్ళు చేతులెత్తండి." ముందు తనదే ఎత్తాడు.

డల్సీ ఒక్క క్షణం కూలబడింది. ఆ తర్వాత లేచి కళ్ళద్దాలు తుడుచుకుని, రిజిస్టరు మొదటి పేజీ తిప్పింది.

"సరే. లెక్క మారింది కదా, అందరివీ మళ్ళీ మొదట్నుంచి చదువుతా. ముందు ఎవరిది?"

ఎత్తబోయిన చేతులన్నీ దిగిపోయాయి. దొర చెయ్యొక్కటే గాల్లో ఉంది. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ ఆ చేతిని పట్టి కిందకు లాగింది.

"దించరా వెధవా! మా పుట్టిల్లూ ఈ ఊరే, మావాళ్ళూ ఆ రిజిస్టరులోనే ఉన్నారు."

ఆ సభ మినిట్సులో 'డల్సీ ఇల్లు డల్సీకే, ఏకగ్రీవం' అని రాసుకున్నారు.