ఎవరూ ముట్టని డబ్బా

"వదినా, లోనావాలా పోలీసులకి తల ఉంది, టోపీ ఉంది. తలలో ఉండాల్సింది మాత్రం భగవంతుడు నాకిచ్చాడు" అని ప్రకటించి, గజానన్ నీళ్లోడుతున్న గొడుగు తెచ్చి బెల్లం బస్తాకి ఆనించాడు.

మందాకిని ఆ గొడుగు తీసి గుమ్మంలో పెట్టింది. ఈ మరిది రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పోయిన మూటలు వెతికి, రిటైరయ్యాక నేరాల మీద పడ్డాడు. ఒక్క మూటైనా దొరికినట్టు ఆమెకి గుర్తులేదు. కానీ ఇవాళ వేరే దిక్కూ లేదు.

ఆమె చేసే వేరుశెనగ చిక్కీ కొనేది బజారులో ఒకే ఒక్క దుకాణం. ఆ సేఠ్ ఇకమీదట ప్లాస్టిక్ వద్దన్నాడు. పాతసామాను మళ్లీ వాడి చేసిన డబ్బాలో తెమ్మన్నాడు, వానల్లో చిక్కీ మెత్తబడితే మాత్రం ఇంకొకళ్ల దగ్గర కొంటానన్నాడు. మందాకిని మూడు రకాలు తెప్పించింది. పాత పేపర్లు నానబెట్టి చేసిన బూడిదరంగు డబ్బా, దర్జీల గుడ్డపీలికలతో చేసిన తెల్లది, పాత అట్టపెట్టెలు రుబ్బి చేసిన గోధుమరంగుది. ఒక్కోదాంట్లో పది చిక్కీ ముక్కలు సర్ది, వంటింటి గూట్లో ఎనిమిది రోజులు వానగాలికి వదిలేసింది. ఈ సాయంత్రమే సేఠ్‌కి మాట చెప్పాలి. తీరా పొద్దున్న చూస్తే రెండు డబ్బాలు ఖాళీ. గోధుమరంగుదాంట్లో మాత్రం పదికి పదీ ఉన్నాయి.

ఎలకలైతే డబ్బా కొరికేవి. పక్కింటి పిల్లలేమో. బూజు పట్టిన ముక్క తిని ఏ బిడ్డ వాంతులు చేసుకుంటోందో, ఆసుపత్రి దారిలో ఏ కొండచరియ విరిగిపడిందో అని ఆమె మరిదికి కబురు పెట్టింది.

గజానన్ పంచాంగం చదువుకునే భూతద్దం తీశాడు. "ఇంట్లో ఎవరెవరుంటున్నారు?"

"నేనూ అత్తయ్యా. మీ అన్నయ్య పుణె వెళ్లి పదిరోజులైంది."

"అమ్మ పేరు కొట్టేస్తున్నా. పళ్లూడి ఆరేళ్లయింది, పైగా శ్రావణమాసం ఉపవాసాలు. ఇక మిగిలింది నువ్వే. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"నీకు జొన్న భాకరీలు వడ్డిస్తున్నా. ఆరు తిన్నావు."

"సాక్షి ఎవరు?"

"నీ పొట్టే."

మూల కూర్చుని వత్తులు చేసుకుంటున్న అత్తగారు శేవంతాబాయి తలెత్తింది. "ఒరే గజూ, ఒక్క మాట..."

"సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాలమ్మా." అతను గోధుమరంగు డబ్బా అందుకుని గొంతు తగ్గించాడు. "వదినా, రహస్యం పోయిన ఇరవైలో లేదు, మిగిలిన పదిలో ఉంది. దొంగ దీన్నెందుకు ముట్టలేదు? విషం."

మందాకినికి ముంబయి నుంచి కొండలు చూడ్డానికి వచ్చినవాళ్లంతా చిక్కీ తిని వరసగా పడుకున్నట్టూ, తను జైల్లో ఉన్నట్టూ, ఇంట్లో ఉప్పు ఎక్కడుందో కూడా తెలియని మొగుడు తనకి చద్ది తెస్తానని చెప్పి దారి తప్పినట్టూ కనిపించింది.

"ఇటివ్వు, వానలోకి విసిరేస్తా."

"ఆగు. అది సాక్ష్యం. ఇవ్వకూడదు. ముందు టీ పెట్టు."

టీ వచ్చింది. గజానన్ అటూ ఇటూ తిరుగుతూ శత్రువుల కుట్ర వివరించసాగాడు. టీ చేతిలో ఉంటే రెండోచెయ్యి తినేదేదో వెతుక్కోవడం పార్సిల్ ఆఫీసు నాటి అలవాటు. మాటల్లో ఉండగానే ఆ చెయ్యి డబ్బాలోకి వెళ్లింది, నోటికీ వెళ్లింది.

కటుక్కుమంది.

"వదినా, నేనేమైనా తిన్నానా?"

"తిన్నావు" అంటూ ఆమె కక్కించడానికి ఉప్పునీళ్లకోసం పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి అతని అరచేతిలో నిరుడు కట్టించుకున్న పన్ను ఉంది.

"ఇందాకట్నించీ అదే చెబుదామని చూస్తున్నా" అంది శేవంతాబాయి. "అది రాయిరా. నావల్ల కాక వదిలేశా. ఆ రెండిట్లోవీ మూడోరోజుకే మెత్తబడ్డాయి, నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి."

"మరి ఉపవాసమో?"

"వేరుశెనగలూ బెల్లమూ ఉపవాసానికి చెల్లుతాయని నీకు నేర్పింది నేనే కదరా."

మందాకిని ఉప్పునీళ్లు కిందపెట్టి, గోధుమరంగు డబ్బాలోంచి ఓ ముక్క తీసి కొరికింది. కటుక్కుమంది. ఎనిమిది రోజుల వానకీ చెక్కుచెదరలేదు.

"చూశావా, కేసు తేలింది. నాకు మొదట్నించీ అమ్మ మీదే అనుమానం" అన్నాడు గజానన్ చెంప పట్టుకుని.

ఆమె వినలేదు. డబ్బా మూసి చంకలో పెట్టుకుంది, అతని అరచేతిలోంచి పన్ను తీసి కొంగున ముడేసుకుంది, అతని గొడుగే విప్పుకుని బజారుకి బయల్దేరింది.

"వదినా, నా పన్ను?"

"సేఠ్‌కి చూపించాలి. సాక్ష్యం గజూ, ఇవ్వకూడదు."