మేయర్ పోయిన రోజు

ఆ ఉదయం నార్బర్ట్ అనుకున్న పని ఒక్కటే. పొగబెట్టిన ట్రౌట్ చేపను మధ్యాహ్నం విమానంలో బావకి పంపి, రాజీ పడిపోవాలి. బావ క్లెమెంట్ సరస్సు అవతలి ఊరికి మేయరు. రెండేళ్ళ కింద వేటలో ఒకే దుప్పికి ఇద్దరి తూటాలూ తగిలాయి. పడగొట్టింది ఎవరన్నదాని మీద అప్పట్నుంచీ మాటల్లేవు. బావ మీద బెంగ లేకపోయినా, అక్క చేతి వంట మీద నార్బర్ట్‌కి బెంగ పట్టుకుంది.

అతను గైడుగా ఉన్న లాడ్జికి రోడ్డు లేదు. చేపల సరదా ఉన్నవాళ్ళు నీటి మీద వాలే విమానాల్లో వస్తారు. ఆ ఉదయం వాళ్ళలో ఒకాయన, పడవ ఎక్కేదాకా ఆత్రం ఆపుకోలేక రేవులోనే గాలం వేశాడు. రేవు కింద ఏళ్ళుగా కాపురముంటున్న పైక్ చేప దాన్ని పొట్టదాకా మింగేసింది. లాడ్జిలో ఆ చేపను మేయర్ అంటారు, నార్బర్ట్ పెట్టిన పేరే. దాని జోలికి ఎవరూ పోరు. ఇక బతకదని తేలాక, పట్టిన చేపను పారేయడం ఆ ప్రాంతంలో పాపం కనుక, నార్బర్ట్ చేయాల్సింది చేశాడు. ఎగువ శిబిరానికి వెళ్ళిన యజమానురాలు వెర్నాకి రేడియోలో చెప్పాడు.

"మేయర్ పోయాడమ్మా. నేనే తల మీద ఒక్కటిచ్చాను."

"అయ్యో. ఇప్పుడెక్కడున్నాడు?"

"ముక్కలు కోసి వేయించేశా. వచ్చినవాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు."

"తల దాచు నార్బర్ట్. గోడకి తగిలిద్దాం."

ఆ సరస్సు మీద రేడియోలో ఇద్దరే మాట్లాడుకోవడమన్నది లేదు. పొయ్యి పక్కన రేడియో పెట్టుకుని ప్రతి ఇల్లూ వింటుంది. అసలు మేయరేమో వలలు చూసుకోవడానికి వెళ్ళి ఇంకా రాలేదు. దుప్పి గొడవ ఊరందరికీ గుర్తొచ్చింది. చర్చి గంట మోగింది. ఆడవాళ్ళు రొట్టెలకు పిండి కలిపారు. ఉపమేయరు మేయరు కుర్చీలో ఒకసారి కూర్చుని చూశాడు.

మధ్యాహ్నం విమానంలోంచి ఇద్దరు పోలీసులు దిగారు. తల ఎక్కడుందని అడిగారు. ఉప్పులో ఊరుతోందని నార్బర్ట్ మర్యాదగా చెప్పాడు. చేతులకు బేడీలు పడ్డాయి.

వలల నుంచి తిరిగొస్తున్న క్లెమెంట్, పోలీసులను చూసి పడవ రేవుకి తిప్పాడు. ఎవరు పోయారని అడిగాడు. "మీరేనండీ" అన్నాడు పోలీసు.

సంగతంతా విన్నాక క్లెమెంట్ కడుపు పట్టుకుని నవ్వాడు. బేడీలు తీయించాడు. రెండేళ్ళ తర్వాత బావమరిది భుజం మీద చెయ్యేశాడు.

"పదరా, ఇంటికెళ్ళి భోంచేద్దాం. మీ అక్క బెంగపెట్టుకుంది."

నార్బర్ట్‌కి కళ్ళు చెమర్చాయి. పడవలో కాలు పెడుతుండగా బావ అడిగాడు.

"ఇంతకీ దానికి మేయర్ అని ఎందుకు పెట్టావ్?"

గుండె నిండిపోయిన మనిషి అబద్ధమాడలేడు.

"పగలంతా నీడలో పడుకునేది బావా. తిండి కనిపిస్తేనే నోరు తెరిచేది."

ఆ పూట కూడా నార్బర్ట్ లాడ్జిలోనే భోంచేశాడు.