నూట పన్నెండో నంబరుకు స్లాట్ దొరికింది

ముందుగా బుక్ చేసుకోకుండా కొండను చూడటం అనాగరికం. ఈ మాట అన్నందుకు మీరు నన్ను తిట్టుకున్నా సరే, వెనక్కి తీసుకోను.

మీరే ఆలోచించండి. పంటి డాక్టరు దగ్గరికి అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తామా? జుట్టు కత్తిరించుకోవడానికి కూడా ముందు ఫోన్ చేస్తున్నాం. మరి పద్నాలుగు వేల అడుగుల కొండ అంతకంటే తీసిపోయిందా? ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు కారు ఆపి, తలెత్తి చూసేస్తుంటే దాని పరువేం కావాలి?

నా సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు తెలిసిందే. ఈ కొలరాడో పడమటి కొండల్లో, కనుమ దారి మీద ఇరవై ఎనిమిదేళ్లు మంచు తోసే బండి నడిపాను. ఆ రోజుల్లో కొండలు ఎదురుగా ఊరికే నిలబడి ఉండేవి. నీ టైము ఎప్పుడని అవి నన్నెప్పుడూ అడగలేదు, వాటి టైము ఎప్పుడని నేనూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎంత మర్యాద తెలియని మనిషిని!

దేవుడి దయవల్ల ఇప్పుడు కొండల పార్కులోకి వెళ్లే టైము, అంటే స్లాట్, బుక్ చేసుకోవడానికి వెబ్‌సైట్ వచ్చింది. ప్రతి నెలా ఒకటో తారీకు ఉదయం ఎనిమిదింటికి అది తెరుచుకుంటుంది. ఎనిమిదీ మూడు నిమిషాలకల్లా స్లాట్లన్నీ అయిపోతాయి. ఆ మూడు నిమిషాలు సంసారాలకు ఎంత మేలు చేస్తున్నాయో ఎవరికైనా తెలుసా? మా ఎదురింటి గుండర్సన్ దంపతులు విడాకుల దాకా వెళ్లినవాళ్లు. జూలై స్లాట్ల కోసం ఆవిడ లాప్‌టాప్, ఆయన ఫోను పట్టుకుని మూడేళ్ల తర్వాత మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. స్లాట్ దొరకలేదు. కానీ ఇద్దరూ కలిసి ఆ వెబ్‌సైట్‌ను గంటసేపు తిట్టారు, తర్వాత కలిసి భోంచేశారు. లాయర్లు ఊరికే ఇంటికి పోయారు.

ఇక నా సొంత అనుభవానికి వస్తాను.

మా అమ్మ తమ్ముడు రూడీ స్పెహార్‌కు ఎనభై మూడేళ్లు. బెంట్ స్పూన్ అనే ఊళ్లో, లిటిల్ అగాథా గనిలో పనిచేసినవాళ్లలో ఇంకా మిగిలింది ఆయనొక్కడే. ఈ వసంతంలో కంటి డాక్టరు ఆయన్ను కూర్చోబెట్టి, వచ్చే వసంతానికల్లా ఎదురుగా ఉన్నది కనిపించదని, పక్కన ఉన్నది మాత్రం కాస్త మసగ్గా తెలుస్తుందని చెప్పాడు.

"ఫర్వాలేదులే, నాకు గొడవలన్నీ పక్కవాళ్లతోనేగా," అన్నాడు మావయ్య.

కారెక్కాక మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. అరిగిపోయిన అంచులు, మధ్యలో నూట పన్నెండు అని అంకె.

"ఏమే మార్లా, చూపున్నప్పుడే నన్నొకసారి బెంట్ స్పూన్ తీసుకెళ్లవే. దీన్ని దాని కొక్కేనికి తగిలించి రావాలి."

గని కుటుంబాల్లో పుట్టనివాళ్ల కోసం చెబుతున్నాను. లోపలికి దిగేవాడు గోడమీది బోర్డు నుంచి తన నంబరు బిళ్ల తీసి జేబులో వేసుకుంటాడు. పైకొచ్చాక తన చేత్తోనే మళ్లీ తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెంటనే వెతకడానికి దిగాలి. ఒకసారి ఎవడో బిళ్ల తగిలించడం మరిచిపోయి తిన్నగా బారుకు పోయాడు. వాణ్ణి వెతకడానికి దిగిన మా తాత మీద పైకప్పు రాయి పడి ఎడమ కాలు పోయింది. అప్పటికి వాడు మూడో బీరులో ఉన్నాడట. వాడి పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పలకరు.

అలాంటి ఇంట్లో పుట్టిన మావయ్యే అదే తప్పు చేశాడు. 1978లో ఒక శుక్రవారం, షిఫ్టు ముగించుకుని పైకొస్తుంటే ఫోర్‌మన్ సొరంగం ముందు నిలబడి, సోమవారం నుంచి ఎవరూ రానక్కర్లేదు, గని మూసేశారు అన్నాడు. మావయ్య మతిపోయి బోర్డు పక్కనుంచే నడిచి ఇంటికొచ్చేశాడు. మర్నాడు ప్యాంటు జేబులో బిళ్ల తగిలింది. పరిగెత్తుకెళ్తే గేటుకు తాళం. అప్పటినుంచి నలభై ఏడేళ్లుగా అది ఆయన జేబులోనే ఉంది.

"ఎవరూ వెతకలేదుగా మావయ్యా, ఇంకెందుకు బాధ?" అన్నాను.

"వెతకలేదులే. కానీ ఆ బోర్డు నావల్ల అబద్ధమాడుతోందే. మా నాన్న కాలు తీసిన అబద్ధం అది."

ఇలాంటి పని మీద వెళ్లే మనిషిని పాత రోజుల్లో అయితే అలా వెళ్లి ఇలా వచ్చేయనిచ్చేవాళ్లు. ఎంత రుచీపచీ లేని ప్రయాణం! ఇప్పుడు బెంట్ స్పూన్ ఒక చారిత్రక పార్కు. దానికొక స్లాట్. అక్కడికి పోయే దారి ఇంకో పార్కు గుండా పోతుంది, దానికొక స్లాట్. ఆ దారి వద్దనుకుంటే రెండొందల మైళ్ల చుట్టు. వెబ్‌సైట్లు కూడా రెండు, ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. రెండు స్లాట్లూ ఒకే రోజున దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. మూడు నెలలు మావయ్య రోజూ ఫోన్ చేసి, దొరికిందా అని అడిగాడు. అంతకు ముందు క్రిస్మస్‌కి తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. చూశారా, వెబ్‌సైట్ బంధుత్వాలను కూడా నిలబెడుతుంది!

ఆగస్టులో ఒక మంగళవారం తెల్లారగానే నా పికప్‌లో బయల్దేరాం. తొమ్మిదికల్లా మొదటి గేటు దగ్గరున్నాం. గేటులో కుర్రాడు బుకింగ్ కోడ్ చూపించమన్నాడు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

"ఇక్కడ సిగ్నల్ ఉండదండీ," అన్నాడు.

"మరెక్కడ ఉంటుంది నాయనా?"

"వెనక్కి పద్నాలుగు మైళ్లు పోతే పెట్రోలు బంకు ఉంది కదా, అక్కడ బాగా వస్తుంది."

మావయ్య కిటికీ దించాడు. "బాబూ, ఆ కొండ నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. దానికి లేని అభ్యంతరం నీకెందుకు?"

"కనిపిస్తే కనిపించనీయండి సర్. అది మా పరిధిలో లేదు. లోపలికి వెళ్లాలంటేనే కోడ్."

సిగ్నల్ లేని చోట సిగ్నల్ అడగడం తెలివితక్కువతనమని మీరనుకుంటారు. కానే కాదు. వెనక్కి పద్నాలుగు, ముందుకు పద్నాలుగు. ఒకే నదిని ఒకే ఉదయం మూడుసార్లు చూశాం. తొందరపాటు యాత్రికులకు ఆ భాగ్యం ఉంటుందా?

గేటు దాటిన రెండు మైళ్లకే దారి ఆగిపోయింది. రోడ్డు మధ్యలో నలభై కార్లు, అన్నిటి తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఏమిటా అని చూస్తే, పొదల్లో ఒక కొండదుప్పి వెనక భాగం. ముఖం ఎవరికీ కనిపించలేదు. అది మేస్తోంది, వీళ్లు చూస్తున్నారు.

"మా చిన్నప్పుడు చలికాలమంతా దీన్నే తినేవాళ్లం," అన్నాడు మావయ్య కాస్త గట్టిగా.

పక్క కారులోని ఆవిడ మా వైపు అదోలా చూసి కిటికీ ఎత్తేసింది. యాభై నిమిషాల తర్వాత దుప్పి విసుగొచ్చి వెళ్లిపోయింది. దానికున్న ఇంగితం కార్లకు లేదు.

దారిలో ఇంకో పాత గని ఊరు తగిలింది. అక్కడ జైలు మిఠాయి కొట్టయింది. శవపేటికలు చేసిన షెడ్డులో ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారు. చర్చిలో యోగా. యాత్రికుల కోసం బ్యాంకు దోపిడీ నాటకం రోజూ పదకొండింటికీ, రెండింటికీ. దొంగ వేషగాడికి జలుబు చేస్తే దోపిడీ రద్దు. ఒకప్పుడు బతకడం కష్టమైన ఊరు ఇప్పుడు కారు నిలపడం కష్టమైన ఊరయింది. ఇది అభివృద్ధి కాక మరేమిటి? మావయ్య అక్కడ దిగుతానన్నాడు, ఒంటికి పోసుకోవడానికి. టాయిలెట్ తలుపుకు తాళం, కోడ్ మిఠాయి కొన్నవాళ్లకే ఇస్తారట. మిఠాయి కొన్నాం.

బెంట్ స్పూన్ స్లాట్ ఒకటిన్నరకు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే క్షమిస్తారు, పదహారో నిమిషానికి రద్దు. ఒంటిగంటా నలభై నాలుగుకు గేటు ముందు బ్రేకు వేశాను. మంచులో కూడా నేనంత జోరుగా ఎప్పుడూ నడపలేదు. మావయ్య తలుపు పట్టుకున్న చెయ్యి తీయలేదు, రెండో చెయ్యి జేబులోంచి తీయలేదు.

మా గుంపుకు గైడు బ్రిన్ అనే అమ్మాయి. పాతికేళ్లుంటాయి, పెద్ద టోపీ, గట్టి గొంతు. పన్నెండు మందిని, గనిలోకి దిగేవాళ్లు దీపాలు తీసుకునే గదిలోకి తీసుకెళ్లింది. గోడమీద బోర్డు అలాగే ఉంది. వరసలు వరసలుగా ఇత్తడి బిళ్లలు. నాలుగో వరసలో ఒక్క కొక్కెం ఖాళీ, దానిమీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"ఇప్పుడు అందరూ దగ్గరికి రండి," అంది బ్రిన్ గొంతు తగ్గించి. "అందరూ బయటికొచ్చారు. నూట పన్నెండో నంబరు మనిషి మాత్రం రాలేదు. ఆఖరి రోజున దిగినవాడు, ఇప్పటికీ లోపలే ఉన్నాడు. గాలి ఆగినప్పుడు సొరంగంలోంచి ఆయన దగ్గు వినిపిస్తుందంటారు."

సరిగ్గా అప్పుడే మావయ్య దగ్గాడు.

ముందు నిలబడ్డ ఇద్దరు కెవ్వుమన్నారు. ఒకాయన చేతిలోంచి ఫోన్ జారింది.

"అమ్మాయీ, నూట పన్నెండు నేనే," అన్నాడు మావయ్య.

అందరూ చప్పట్లు కొట్టారు. నెబ్రాస్కా నుంచి వచ్చినాయన నా చెవిలో, "ఈయన్ని ఎక్కడ పట్టారండీ? ఆ ఊళ్లో బ్యాంకు దొంగ వేషగాడికంటే ఈయనే నయం, నిజం ముసలాయనలాగే ఉన్నాడు," అన్నాడు. ఇంకొకావిడ మావయ్య భుజం మీద తట్టి, కాస్త పక్కకు జరగండి, కొక్కెం ఫోటోలో పడటం లేదు అంది.

మావయ్య పక్కకు జరిగాడు. జరిగి, అరచెయ్యి తెరిచాడు. బిళ్ల చూడగానే బ్రిన్ ముఖంలో రంగు మారింది. ఆయన్ను చూసింది, బోర్డును చూసింది, మళ్లీ ఆయన్ను చూసింది.

"సర్," అంది మెల్లగా, "బోర్డును ఎవరూ ముట్టుకోకూడదు. అది ప్రదర్శన వస్తువు. ఏదైనా చేర్చాలంటే దరఖాస్తు పెట్టాలి, సంఘం కూర్చోవాలి. ఎనిమిది నెలలు పడుతుంది."

"ఎనిమిది నెలలకు నాకు కొక్కెం కనిపించదమ్మా."

ఆ అమ్మాయి ఒక్క క్షణం టోపీ సర్దుకుంది. తర్వాత గట్టిగా, "అందరూ నాతో కొలిమి దగ్గరికి రండి. వెనక ఎవరైనా మిగిలిపోతే నాకు కనిపించదు, ఈ టోపీ అంచు చాలా పెద్దది," అంది. తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

మేమిద్దరం మిగిలాం. మావయ్య చెయ్యి కొక్కెం పక్కన గోడకు తగులుతోంది. అప్పటికే ఆయనకు అంత సరిగ్గా కనబడటం లేదని నాకు అప్పుడు తెలిసింది. సాయం పట్టబోయాను.

"నువ్వు ముట్టుకోకే. ఎవడి బిళ్ల వాడే తగిలించాలి," అన్నాడు.

వేళ్లతో వరస తడుముకుంటూ వెళ్లాడు. నూట పది. నూట పదకొండు. ఆగాడు. టింగుమని చిన్న శబ్దం. "నూట పన్నెండు, పైకొచ్చాడు," అన్నాడు గోడతో. నాకు ఏడుపొచ్చింది. ఎగతాళి చేయడానికి మొదలుపెట్టిన రచనలో ఇది చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు నాలుగు గంటలూ మావయ్య చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత పార్కు నుంచి రెండు ఈమెయిళ్లు వచ్చాయి. మొదటిది, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారని. రెండోది ఇది: "రోజువారీ తనిఖీలో బోర్డు మీద నమోదు కాని వస్తువు ఒకటి కనిపించింది. ప్రదర్శన కథనానికి విరుద్ధంగా ఉన్నందున దాన్ని తొలగించి, పోయిన వస్తువుల గదిలో భద్రపరిచాం. సొంతదారు స్వయంగా వచ్చి తీసుకోవచ్చు. ముందుగా స్లాట్ బుక్ చేసుకోవడం తప్పనిసరి."

వాళ్ల తప్పేముంది చెప్పండి? ఆ పార్కుకు వచ్చేవాళ్లలో సగం మంది ఆ దెయ్యం కోసమే వస్తారు. దెయ్యం పైకొచ్చి, మిఠాయి కొనుక్కుని ఇంటికి పోతే పార్కు ఏమైపోవాలి?

మావయ్య ఇంటికెళ్లి ఈమెయిల్ చదివి వినిపించాను.

"అయితే కొక్కెం మళ్లీ ఖాళీయేనా?"

"ఖాళీయే మావయ్యా."

"అంటే నేనింకా లోపలే ఉన్నాను." ఖాళీ జేబు తడుముకున్నాడు. "మరి వెతకడానికి ఎవరైనా వస్తున్నారా?"

ఆయన తండ్రి కాలంలో కొక్కెం ఖాళీగా ఉంటే మనుషులు ప్రాణాలకు తెగించి దిగేవాళ్లు. ఇప్పుడు దాని పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు.

ఆ రోజే వెబ్‌సైట్ తెరిచాను. దొరికిన మొదటి స్లాట్ ఫిబ్రవరి పదకొండు, ఉదయం పది గంటలకు. అక్టోబరు నుంచి మే దాకా బెంట్ స్పూన్‌కు పోయే కనుమ దారి పన్నెండడుగుల మంచు కింద ఉంటుంది, గేటుకు గొలుసు వేస్తారు. వెబ్‌సైట్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇద్దరికి బుక్ చేశాను. వెంటనే ధన్యవాదాలు వచ్చాయి, ఆలస్యమైతే పదిహేను నిమిషాలు మాత్రమే క్షమిస్తామన్న హెచ్చరికతో సహా.

నేను నియమాలను గౌరవించే మనిషిని. ఆలస్యం కాము. నేను నడిపిన మంచు తోసే బండి చలికాలమంతా కనుమ కింది షెడ్డులోనే ఉంటుంది. దాని తాళంచెవి ఏ కొక్కేనికి తగిలిస్తారో నాకు తెలుసు.