నాలుగడుగుల పదంగుళాలు

ఆ రోజు పొద్దున్న గడియారాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. వంటింటి గట్టు కింద అరలోంచి మూకుడు తీసి, రెండు గుడ్లు వేయించుకు తిని, ఎనిమిదింటికల్లా గడియారాలు బాగుచేసే తన కొట్టు తెరవడం. మూకుడేమో అరలో ఓ మూలన ఎక్కడో ఉంది. వంగాడు. చాలక మోకాళ్ళ మీద కూర్చుని తల లోపల పెట్టాడు. కుక్కరు జరిపితే జల్లెడ పడింది, జల్లెడ ఎత్తితే మూతలన్నీ కూలాయి. మూకుడు చేతికి దొరికేసరికి నడుం పట్టేసింది. తల అరలో, మిగతా మనిషి వంటింట్లో, అలా పావుగంట ఉండిపోయాడు.

ఆ చీకట్లో భార్య గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆవిడ రోజూ చేసింది ఈ పనే. "కొట్లో మీ మరమేకులకి నలభై సొరుగులు. నా గిన్నెలకి ఒక్క సొరుగుకి గతి లేదా?" అనేది. గట్టు కూడా ఆవిడకి ఎత్తే, పీటెక్కి వండేది. "చూద్దాంలే" అనేవాడు ఈయన. చూసేలోపే ఆవిడ పోయింది. ఎనిమిది నెలలైంది. ఆ "చూద్దాంలే" గుర్తొస్తే ఆయనకి ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

నడుం వదలగానే వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి ఆ పేటకి కొత్త, నోటికి మాత్రం తీరిక లేదు.

"తలుపుల అరలొద్దు సార్. అందులో ఏం పెట్టినా నూతిలో వేసినట్టే. లాగే సొరుగులు పెడదాం. బరువు గిన్నెలు అడుగున, మూతలు నిలువుగా, మూలకి తిరిగే పళ్ళెం. ఇంతకీ వంట చేసే మనిషి ఎత్తెంత?"

"నాలుగడుగుల పదంగుళాలు," అన్నాడు ఆరడుగుల గడియారాలాయన.

నోరు జారింది. వంటిల్లంటే ఆయనకి ఒకే మనిషి. దిద్దుకుందామనుకునేలోపే వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి, "కుడిచేతివాటమా, ఎడమా?" అన్నాడు.

ఈ ఎనిమిది నెలల్లో అందరూ ఆవిడ ఎలా పోయిందనే అడిగారు. ఎలా ఉండేదని ఎవరూ అడగలేదు. "ఎడమ," అన్నాడు. ఆ తరవాత ఆపుకోలేకపోయాడు. అడిగిందీ చెప్పాడు, అడగనిదీ చెప్పాడు, ఆవిడ పోయిందన్న ఒక్కటి తప్ప. చెబుతుంటే హాయిగా ఉంది, హాయిగా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. గట్టు దించమంటారా అంటే దించమన్నాడు.

వడ్రంగి మెట్లు దిగుతూ కింది వాటా ఆవిడతో, "పైకి ఎవరో పొట్టావిడ వస్తున్నట్టున్నారండీ. ఎడంచేతివాటమట," అన్నాడు. ఆవిడ చెవిన పడ్డ మాట పేటలో పడ్డట్టే. పోయినావిడ ఎవరికీ తట్టలేదు, సాయంత్రానికల్లా జనం లెక్క తేల్చారు. పొట్టిగా ఉండి, ఎడంచేత్తో కత్తెర పట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. మర్నాడు ఆవిడ మెళ్ళో టేపు మెళ్ళోనే ఉండగా ఆయన కొట్టుకి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ కొత్త వంటిల్లు నాకు నచ్చిందా అని పొద్దుట్నుంచి నలుగురడిగారు. ఏమిటిదంతా?"

"తప్పు నాదేనమ్మా. ఆ కొలతలు నీవి కావు."

"మరెవరివి?"

ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. విప్పిన గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు, మిగతా సగం పేటవాళ్ళు కలుపుకున్నారు.

రాత్రికి కూతురు ఫోను. "నాన్నా, అమ్మ పోయి ఏడాదన్నా కాలేదు."

"నా మాట విను తల్లీ..."

"వచ్చే ఆవిడకి కొత్త వంటిల్లు. అమ్మకి ముప్పై ఏళ్ళూ పీట. ఆదివారం వచ్చి అమ్మ గిన్నెలు తీసుకెళ్తాను. మళ్ళీ ఆ గడప తొక్కను."

పెట్టేసింది. ఆయనకి మిగిలింది ఆ పిల్లొక్కతే. పని ఆపిస్తే ఈ మాటా ఆగుతుంది. వడ్రంగికి చెబుదామని రెండుసార్లు ఫోను తీశాడు, రెండుసార్లూ పెట్టేశాడు. భార్యకి ఇంకోసారి "చూద్దాంలే" అని చెప్పడం ఆయన వల్ల కాలేదు.

ఆదివారం కూతురు అట్టపెట్టెలతో వచ్చింది. తండ్రి మొహం చూడకుండా వంటింట్లోకి నడిచింది. వడ్రంగి ఆఖరి సొరుగు బిగిస్తున్నాడు. ఆమెది తండ్రి పొడుగు, గట్టు ఆమెకి నడుం కంటే బాగా కిందికి ఉంది.

"ఇంత కిందికా? ఎవరి కొలతలివి?" అని వడ్రంగిని నిలదీసింది.

వడ్రంగి పుస్తకం తీసి చదివాడు. "ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఎడంచేతివాటం. మోకాళ్ళనొప్పి, కింద కూర్చుంటే లేవలేరు. పీట లేకుండా గట్టు అందాలి. షుగరున్నా వదలని పిప్పరమెంట్లకి చిన్న సొరుగు, కూతురి కంటపడకుండా లోపలి వైపు."

కూతురు అట్టపెట్టె మీద కూలబడింది. పెట్టె అణిగిపోయింది, ఆమె లేవలేదు.

"నాన్నా, ఇది అమ్మ."

"ముందు నోరు జారిందే. తరవాత దిద్దుకోబుద్ధి కాలేదు."

ఆమె ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు, ఆవిడ పోయాక మొదటిసారి. చాలాసేపటికి కూతురు కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంత కింద నువ్వెలా వండుకుంటావు?" అంది.

"కుర్చీ వేసుకుంటా."

ఆమె లేచి, మూకుడు తీసి ఎడమవైపు సొరుగులో పెట్టింది.

వడ్రంగికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. పనిముట్లు సంచిలో సర్దుకుని, ఊరట కోసం ఒక మాట చెప్పి వెళ్ళాడు.

"అమ్మగారు ఎప్పుడొచ్చినా ఫరవాలేదు సార్. సొరుగులకి పదేళ్ళు గ్యారంటీ."